అనుబంధంలోకి వెళ్లిన పల్సార్లు

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘పూర్వ విద్యార్థుల విజయాలు’. పదిహేనేళ్లుగా నా పనీ అదే. ఒక పరిశోధన సంస్థ పూర్వ విద్యార్థుల వార్షిక సంచికకు సంపాదకుడిగా ఉన్నాను. ఏటా అందరికీ ఒక ఫారం పంపుతాను. అందులో మూడు గడులు ఉంటాయి: ప్రస్తుత హోదా, అందుకున్న పురస్కారాలు, ప్రచురించిన పేపర్లు. నిండి తిరిగొచ్చినవాటిని అక్షరక్రమంలో పేర్చి అచ్చుకు ఇస్తాను. నిజం చెప్పాలంటే ఆ సంచికను ప్రూఫులు దిద్దే నేను తప్ప ఎవరూ పూర్తిగా చదవరు. ముందు తమ పేరు వెతుక్కుంటారు, తర్వాత తమ బ్యాచ్‌లో ఎవరు ఎంత ఎదిగారో చూసుకుంటారు, మూసేస్తారు.

కొన్నేళ్ల క్రితం ఒక ఫారం మూడు గడులూ ఖాళీగా తిరిగొచ్చింది. వెనక వైపు మాత్రం పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసి ఉంది: 1969లో జోస్లిన్ బెల్‌కు ఈ ఫారం పంపి ఉంటే ఆమె ఏం రాసేవారు? సంతకం లేదు. మొదట కోపం వచ్చింది. తర్వాత కూర్చుని నిజంగానే నింపడానికి ప్రయత్నించాను. ఈ రోజు నేను చెప్పబోయేదంతా అక్కడి నుంచి మొదలైనదే.

బెల్ 1965లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీకి చేరారు. మొదటి రెండేళ్లు ఆమె చేసింది చాలావరకు కాయకష్టం. మరి కొందరితో కలిసి గుంజలు పాతి, తీగలు లాగి, నాలుగెకరాలకు పైగా నేలలో ఒక రేడియో టెలిస్కోపు కట్టారు. 2,000కు పైగా యాంటెన్నాలు. 1967 వేసవిలో అది పని మొదలుపెట్టాక దాన్ని నడపడం, అది గీసే చార్టులు చదవడం ఆమె వంతు. తెర మీద చూసుకునే రోజులు కావు. కాగితం చుట్ట కదులుతుంటే దాని మీద పెన్ను గీసుకుంటూ పోయేది, రోజుకు సుమారు 30 మీటర్లు. టెలిస్కోపుకు అందే ఆకాశాన్ని ఒకసారి చుట్టి రావడానికి 400 అడుగుల కాగితం. ఆ 400 అడుగుల్లో ఒకచోట పావు అంగుళం మేర గజిబిజిగా ఒక గీత కనిపించింది. అది క్వేసార్ (ఆమె వెతుకుతున్న, చాలా దూరాన ఉండే రేడియో మూలం) మిణుకులా లేదు, భూమ్మీది యంత్రాలు కలిగించే అంతరాయంలానూ లేదు. వదిలేసి ఉంటే అడిగేవాళ్లు లేరు. ఆమె పరిశోధనాంశానికి దానితో పనే లేదు. కానీ ఇలాంటిదాన్ని ముందెక్కడో చూశానని అనిపించి పాత చుట్టలు విప్పారు. ఆకాశంలో అదే చోటు, అదే గజిబిజి.

దాన్ని విడమరచి చూడాలంటే కాగితం వేగంగా కదలాలి. ఆ చోటు టెలిస్కోపు ఎదుటికి వచ్చే వేళకు రోజూ వెళ్లి, వేగం పెంచి, కాచుకుని కూర్చున్నారు. కొన్ని వారాల పాటు ఏమీ లేదు. నవంబరు 28న గీతలు వచ్చాయి: సమాన దూరంలో, 1.33 సెకన్లకు ఒకటి చొప్పున. గైడు ఆంటొనీ హ్యూయిష్ అది మనుషులు చేసినదే అయ్యుంటుందన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం, నక్షత్రమన్నది అంత వేగంగా కొట్టుకుంటుందని అప్పటికి ఎవరూ ఊహించలేదు. క్రిస్మస్ ముందు, ఆకాశంలో వేరే చోట ఇలాంటిదే మరొకటి ఉందేమోనని పాత చార్టుల్లో ఆమెకు అనుమానం తగిలింది. రాత్రివేళ పరిశీలన కేంద్రానికి వెళ్తే చలికి పరికరం మొరాయించింది. దాని మీద నోటితో వేడి గాలి ఊదారట, తిట్టారట కూడా. ఐదు నిమిషాలు పనిచేసింది. గీతలు మళ్లీ సమాన దూరంలో పడ్డాయి, ఈసారి 1.2 సెకన్లకు ఒకటి. రెండోది దొరికాక ఇక పొరపాటనడానికి వీల్లేదు. క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రాలు, అంటే పల్సార్లు, అలా దొరికాయి.

ఇప్పుడు నా ఫారం తీసుకోండి. పేపర్ల గడి: 1968 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఒకటి, ఐదుగురి పేర్లలో ఆమెది రెండోది. సిద్ధాంత గ్రంథమా? అది ముందే అనుకున్న అంశం మీద, అంటే రేడియో మూలాల పరిమాణాల మీద రాశారు. ఇరవయ్యో శతాబ్దపు ఖగోళ శాస్త్రంలో పెద్ద ఆవిష్కరణల్లో ఒకటైన పల్సార్లు ఆ గ్రంథం చివర అనుబంధంలోకి వెళ్లాయి. పురస్కారాల గడిలో 1969 నాటికి గీత పెట్టాల్సిందే. 1974లో నోబెల్ వచ్చింది గానీ అది హ్యూయిష్‌కు, మార్టిన్ రైల్‌కు. హోదా గడి మరీ ఇబ్బంది. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం ఎక్కడికి మారితే అక్కడికి వెళ్లారు. ఒకచోట గామా కిరణాలు, ఇంకోచోట ఎక్స్ కిరణాలు, మరోచోట పరారుణ కాంతి. చాలా ఏళ్లు పార్ట్‌టైమ్ కొలువే. ఆ కాలంలో ఆమె మా సంస్థ విద్యార్థిని అయి ఉంటే, సంచికలో ఒక వరుసకు మించి నేను చోటిచ్చేవాణ్ని కాదు. ఆ మాట ఒప్పుకోవడానికే ఇక్కడ నిలబడ్డాను.

ఆ రెండో గడిలోకి తర్వాత పురస్కారాలు వచ్చాయి. 2018లో ఒక ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది, 30 లక్షల డాలర్లతో. ఆమె ఆ మొత్తాన్ని భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవాళ్లలో అవకాశాలు తక్కువ ఉన్న వర్గాల విద్యార్థుల ఉపకార వేతనాలకు ఇచ్చేశారు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పని కూడా ఇలాంటి ఒక చిన్న పేచీ దగ్గరే మలుపు తిరిగింది. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి వేళ పోర్టరు పని చేస్తూ చదువుకున్నారని మీకు తెలిసే ఉంటుంది. ఆయన జీవితం గురించి మాట్లాడేవాళ్లందరూ ఆ పేదరికం దగ్గర ఆగిపోతారు. నాకు ఆయన పరీక్ష నాళిక దగ్గర ఆగాలని ఉంది.

రక్తంలోనో కణజాలంలోనో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే పద్ధతిని ఆయన, సైరస్ ఫిస్కే కలిసి 1925లో ప్రకటించారు. నమూనాకు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, ఆపైన క్షయకరణం చేసే ఒక పదార్థం వేస్తే నీలి రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. దశాబ్దాల పాటు బయోకెమిస్ట్రీ విద్యార్థులు ల్యాబుల్లో ఈ పరీక్ష చేశారు. అయితే కండరం నుంచి తీసిన ద్రావణంతో చేసినప్పుడు రంగు వేళకు రాలేదు. కాసేపు పోయాక, మెల్లగా ముదిరింది. పద్ధతి మనదే, కొత్తది, ఇంకా పేరు రాలేదు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? నమూనా పాడైందనుకుంటారు, లేదా రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగి ఆ అంకె వేసుకుంటారు. వాళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. రంగు ఆలస్యమైందంటే ఫాస్ఫేటు ముందు దేనికో అతుక్కుని ఉండి, పరీక్ష జరుగుతుండగా విడివడుతోందని అర్థం. ఆ దేనికో అన్నది క్రియేటిన్. కండరం పనిచేసేటప్పుడు చటుక్కున శక్తిని అందించే ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లో అలా లోకానికి చూపించారు. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పట్టా 1930లో వచ్చింది. అంటే పట్టా కంటే ముందే అసలు చదువు అయిపోయింది.

హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాని నిర్మాణాన్ని కాస్త మార్చితే శరీరం మోసపోతుంది, కణం ఎదుగుదల ఆగుతుంది. అలా వచ్చిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. దానికి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నదే. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు పోయారు, 53 ఏళ్లకు. హార్వర్డ్‌లో నేర్చినది కంపెనీ ల్యాబులో పండింది. కంపెనీకి వెళ్లినవాళ్లు చదువు వదిలేశారనుకునే పెద్దలు ఈ హాల్లో ఉంటే, వాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ వినిపించాను.

అందరికీ ఇంత చక్కగా కుదరలేదు. ఇంగ్లండు నుంచి అమెరికా వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త సెసీలియా పేన్ సంగతి చూడండి. 1925లో ఆమె సిద్ధాంత గ్రంథంలో, వేడికి పరమాణువులు ఎలా ఎలక్ట్రాన్లు కోల్పోతాయో చెప్పే మేఘనాద్ సాహా అయనీకరణ సమీకరణాన్ని నక్షత్రాల వర్ణపటాలకు అన్వయించి లెక్క కట్టారు. నక్షత్రాల్లో హైడ్రోజన్ మిగతా మూలకాలకు అందనంత ఎక్కువ, లోహాలతో పోలిస్తే సుమారు పది లక్షల రెట్లు అని తేలింది. సూర్యుడు కూడా దాదాపు భూమి లాంటి పదార్థంతోనే అయ్యాడని పెద్దలు నమ్ముతున్న కాలం. ప్రిన్స్‌టన్‌లోని పేరున్న ఖగోళ శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రసెల్ ఇది అసాధ్యమన్నారు. ఆమె తన గ్రంథంలోనే, ఈ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదు అని ఒక వాక్యం చేర్చారు. నాలుగేళ్లకు, 1929లో, రసెల్ వేరే దారిలో వెళ్లి అదే ఫలితానికి వచ్చారు. పేన్ పనిని ప్రస్తావించారు గానీ, చాలా కాలం ఆ పేరు ఆయన ఖాతాలోనే ఉండిపోయింది.

నేను ఆ వాక్యాన్ని ఎన్నిసార్లో చదువుకున్నాను. ఆమెది పిరికితనం అనను. పాతికేళ్ల వయసు, పరాయి దేశం, రసెల్ ఒక్క మాట అంటే ఉద్యోగాల తలుపులు మూసుకునే రోజులు. ఆమె చేసిన తెలివైన పని ఏమిటంటే, వాక్యం చేర్చారు కానీ పట్టిక తీసేయలేదు. అంకెలు అచ్చులో అలాగే ఉన్నాయి. 1956లో హార్వర్డ్‌లో ఆమె పూర్తి ప్రొఫెసర్ అయ్యారు. 1976లో అమెరికా ఖగోళ శాస్త్ర సంఘం ఆమెకు ఒక పెద్ద పురస్కారం ఇచ్చింది. ఆ పురస్కారం పేరు ఎవరిదో చెప్పనా? హెన్రీ నోరిస్ రసెల్‌ది.

అన్నీ ఇలాంటి పేచీల కథలే కావు. క్లాడ్ షానన్‌ది మరీ సుఖమైన కేసు. 21 ఏళ్ల వయసులో, 1937లో, ఎంఐటీలో రాసిన మాస్టర్స్ థీసిస్‌లో రిలే స్విచ్‌లను బూలియన్ బీజగణితంతో, అంటే అవును-కాదుల గణితంతో, లెక్క కట్టవచ్చని చూపించారు. ఈ రోజు మీ జేబులో ఉన్న ఫోను దాకా ప్రతి డిజిటల్ సర్క్యూట్‌కూ అదే పునాది. తర్వాత 1940లో జన్యుశాస్త్రం మీద పీహెచ్‌డీ చేశారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆయనా పట్టించుకోలేదు. సి.ఆర్. రావు గారిదీ అంతే: పీహెచ్‌డీ 1948లో, గణాంక శాస్త్రంలో ఆయన పేరు నిలబెట్టిన పేపరు 1945లో. అదీ తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు, రాత్రంతా కూర్చుని తేల్చిన జవాబు. అంతర్జాతీయ గణాంక పురస్కారం ఆయనకు 102 ఏళ్ల వయసులో, 2023లో వచ్చింది. ఆ పేపరుకూ ఈ పురస్కారానికీ మధ్య 78 ఏళ్లు.

ఇక ‘ఇతర రంగాలు’ అని ఒక శీర్షిక ఉండేది మా సంచికలో, చివరి పేజీలో. ల్యాబు వదిలి వెళ్లినవాళ్లను అక్కడికి తోసేవాణ్ని. ఆ లెక్కన క్వాంటం రసాయన శాస్త్రంలో 1986లో డాక్టరేట్ పొంది, 16 ఏళ్లు జర్మనీని ఏలిన అంగెలా మెర్కెల్ చివరి పేజీలోనే ఉండాలి. 1970లో మొదలుపెట్టిన పీహెచ్‌డీని క్వీన్ బృందంలో గిటార్ కోసం పక్కనపెట్టి, 2007లో పూర్తిచేసిన బ్రయన్ మే ఏ పేజీలో ఉండాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ శీర్షిక తీసేశాను.

మీలో కొందరు మనసులో అనుకుంటున్నది నాకు తెలుసు. ప్రతి గజిబిజి గీతా పల్సార్ కాదు. నిజమే. చాలావరకు అంతరాయమే, మురికి బీకరే, నిద్ర చాలని కన్నే. బెల్ కూడా ఆ గీతను చూసి గంతులు వేయలేదు, పాత చుట్టలు విప్పారు. తేడా అంతా అక్కడే ఉంది. విప్పడానికి చుట్ట దాచి ఉంచాలి కదా.

నా సంగతి చెబుతాను. నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయంలో ఒక గ్రాఫు ఉంది. పదకొండు బిందువులు, అన్నీ వక్రరేఖ మీద ముత్యాల్లా కూర్చుంటాయి. వైవాలో పరీక్షకుడు దాన్ని మెచ్చుకున్నాడు. నేను కొలిచింది పన్నెండు. ఒకటి రేఖకు చాలా పైన పడింది. సాయంత్రం ఆరు దాటింది, మరుసటి వారం అధ్యాయం ఇచ్చేయాలి. గైడు వద్దనలేదు, ఉంచమనీ అనలేదు, గ్రాఫు బాగా రావాలన్నారు. తీసేశాను. అది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. తొంభై తొమ్మిది పాళ్లు ఏమీ కాదు. సరిచూద్దామని పదేళ్ల తర్వాత వెతికితే, ల్యాబు మారేటప్పుడు ఆ నోట్‌బుక్కు పాత కాగితాలతో పాటు పోయింది.

ఈ ఏడాది ఫారంలో నాలుగో గడి చేర్చాను: మీ కొలతల్లో లెక్క తేలనిది ఏది, దాన్నేం చేశారు? ఇప్పటిదాకా తిరిగొచ్చినవాటిలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేశారు. సంపాదకుడు కూడా పూర్వ విద్యార్థే కాబట్టి మొదటి ఫారం నేనే నింపాను. నాలుగో గడిలో ఇలా ఉంది: పన్నెండో బిందువు. తీసేశాను.