గోల్ఫర్ ఫలితాల పట్టిక చదవడం ఎలా? లీ హావ్‌టాంగ్ కెరీర్‌తో నేర్చుకుందాం

నమస్తే అండి. గోల్ఫ్ ఇప్పుడిప్పుడే చూస్తున్నవాళ్ల కోసం ఈ వీడియో. ఒక ఆటగాడి ఫలితాల పట్టిక తెరిచి, అందులో ఏం చూడాలో తెలుసుకుందాం. ఇందుకు చైనా ఆటగాడు లీ హావ్‌టాంగ్‌ని తీసుకున్నాను. 1995లో హునాన్ ప్రావిన్స్‌లో పుట్టాడు. గెలుపులు మాత్రమే లెక్కపెడితే ఇతని కెరీర్ సగం కూడా అర్థం కాదు, అందుకే ఇతన్ని ఎంచుకున్నాను.

స్క్రీన్ మీద చూడండి. ‘టీ4’ అని ఉంటే మరికొందరితో సమానంగా నాలుగో స్థానం. ‘ఎంసీ’ అంటే మిస్డ్ కట్. మామూలుగా టోర్నమెంట్ నాలుగు రోజులు, 72 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతలు). రెండో రోజు ఆట అయిపోగానే ఒక గీత గీస్తారు, దాన్నే కట్ అంటారు. టూర్ అంటే సీజన్ అంతా జరిగే టోర్నమెంట్ల వరుస. డీపీ వరల్డ్ టూర్‌లో, అంటే పాత యూరోపియన్ టూర్‌లో, సాధారణంగా మొదటి 65 మంది, ఆ స్కోరుతో సమానంగా ఉన్నవాళ్లు ముందుకెళ్తారు. మిగతావాళ్లు ఇంటికే. ఆ వారం వాళ్లకు ప్రైజ్ మనీ ఉండదు, ప్రయాణం, హోటల్ ఖర్చులు మాత్రం తప్పవు.

ఇక మొదటి వరుసలకు వెళ్దాం. 2014లో పీజీఏ టూర్ చైనాలో మూడు గెలుపులు, ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో, అంటే సీజన్ మొత్తం జాబితాలో, అగ్రస్థానం. 2016లో బీజింగ్‌లో వోల్వో చైనా ఓపెన్ గెలిచాడు. 2017 ఓపెన్ దగ్గర కాసేపు ఆగండి, ఇది మేజర్లు అనే నాలుగు అతిపెద్ద టోర్నమెంట్లలో ఒకటి. అది జరిగిన రాయల్ బర్క్‌డేల్ కోర్సులో పార్ 70, అంటే ఒక రౌండ్‌కి నిర్ణయించిన స్ట్రోకులు (బంతిని కొట్టే దెబ్బలు) 70; ఎంత తక్కువ కొడితే అంత మంచిది. ఆఖరి రోజు లీ 63 కొట్టాడు, అంటే పార్ కంటే ఏడు తక్కువ. అమెరికా ఆటగాళ్లు జోర్డాన్ స్పీత్, మ్యాట్ కూచర్ తర్వాత మూడో స్థానం. 21 ఏళ్ల కుర్రాడు, మేజర్‌లో ఆదివారం అలా ఆడటం మామూలు విషయం కాదండి! మరుసటి ఏడాది జనవరిలో దుబాయ్ డెజర్ట్ క్లాసిక్‌లో 23 అండర్‌తో, అంటే పార్ కంటే మొత్తం 23 తక్కువతో, రోరీ మెక్‌ల్రాయ్‌ని ఒక్క స్ట్రోక్ తేడాతో దాటి గెలిచాడు. ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి 50 లోకి వచ్చిన మొదటి చైనా పురుష ఆటగాడు ఇతనే.

ఇప్పుడు అసలు పాఠం. మరో మేజర్ అయిన 2020 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో సగం ఆట అయ్యేసరికి లీదే ఆధిక్యం, చివరికి ‘టీ17’. ఆ తర్వాత ‘ఎంసీ’లు ఎలా పేరుకున్నాయో చూడండి. ర్యాంకు మాత్రం ఒక్కసారిగా కూలిపోదు, మెల్లగా జారుతుంది. ఎందుకంటే ర్యాంకింగ్‌లో రెండేళ్ల ఫలితాలు కలుస్తాయి, పాతవాటి విలువ వారం వారం తగ్గుతూ పోతుంది. అందుకే ఫామ్ ఎలా ఉందో ర్యాంకు కంటే ‘ఎంసీ’లే ముందు చెబుతాయి. లీ ర్యాంకు కూడా చివరికి వందల్లోకి వెళ్లిపోయింది. ఆట మానేద్దామనే ఆలోచన కూడా వచ్చిందని తనే చెప్పాడు.

ఆ తర్వాతి వరుస, 2022 జూన్, మ్యూనిక్, బీఎండబ్ల్యూ ఇంటర్నేషనల్ ఓపెన్. థామస్ పీటర్స్‌తో స్కోరు సమమై ప్లేఆఫ్ (విజేతను తేల్చే అదనపు ఆట) జరిగింది. అందులో లీ చాలా దూరం నుంచి కొట్టిన బర్డీ పుట్ (ఆ హోల్‌ని పార్ కంటే ఒకటి తక్కువలో ముగించే, గ్రీన్ మీది దెబ్బ) లోపల పడింది. లీ అక్కడే ఏడ్చేశాడు. ఆ వీడియో దొరికితే తప్పకుండా చూడండి. పట్టికలో ఇది ‘1’ అనే అంకె మాత్రమే, కానీ దీంతో 2024 చివరిదాకా టూర్‌లో ఆడే హక్కు దొరికింది. ఈ టూర్‌లో గెలిస్తే ఆ సీజన్‌తో పాటు తర్వాతి రెండు సీజన్లకు ఎగ్జెంప్షన్, అంటే నేరుగా ఆడే హక్కు, ఇస్తారు. 2023లో లీ మళ్లీ తడబడ్డాడు. ఎగ్జెంప్షన్ ఉండబట్టే నిలదొక్కుకోవడానికి టైమ్ దొరికింది.

2025 ఫిబ్రవరిలో ఖతార్ మాస్టర్స్ గెలిచాడు. జులైలో రాయల్ పోర్ట్‌రష్‌లో జరిగిన ఓపెన్ ఆఖరి రోజు స్కాటీ షెఫ్లర్‌తో కలిసి చివరి జంటగా ఆడి ‘టీ4’ సాధించాడు. ఓపెన్‌లో మొదటి నలుగురికి, సమంగా ఉన్నవాళ్లకు తర్వాతి ఏడాది మాస్టర్స్ అనే మరో మేజర్‌కి ఆహ్వానం వస్తుంది. ఆ సీజన్ ముగిసేసరికి 2026 పీజీఏ టూర్ (అమెరికా టూర్) కార్డు, అంటే అక్కడ ఆడే అర్హత, కూడా సంపాదించాడు.

ఇక మీ వంతు. చైనాకే చెందిన మహిళా గోల్ఫర్ ఫంగ్ షన్‌షన్ పట్టిక తెరవండి. 2012లో ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్ (మహిళల మేజర్), 2016 రియో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2017 నవంబర్‌లో ప్రపంచ నంబర్ వన్. ఈ మూడింటి మధ్య వరుసల్లో ‘ఎంసీ’లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి కామెంట్‌లో రాయండి.