ఐబీఎస్ మందులు: ఏది ఎవరికి పడుతుంది?

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటే కడుపునొప్పితో పాటు మలం తీరు మారిపోయే పేగు సమస్య. దీనికి ఏ మందు మంచిదని అడిగేవారు ముందు తమ మలం తీరు చూసుకోవాలి. మేకపెంటికల్లా గట్టిగా వస్తోందా, నీళ్లలా పోతోందా, రెండూనా? మలబద్ధకానికి గానీ విరేచనాలకు గానీ మాత్ర వేసుకోని రోజుల్లోనే చూసి, రెండు వారాలు రాసి పెట్టుకోండి. మాత్ర పనిచేస్తున్న రోజుల్ని లెక్కేస్తే రకం తప్పుతుంది, దాంతో మందూ తప్పుతుంది. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తున్నా ముందు పరీక్షలు జరగాలి.

మెలిపెట్టే నొప్పికి మెబెవెరిన్ రాస్తారు. 135 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు, భోజనానికి 20 నిమిషాల ముందు. చాలామంది తిన్నాక వేసుకుంటారు, అప్పటికే పేగు బిగుసుకుంటూ ఉంటుంది. డైసైక్లోమిన్ కూడా ఆ బిగుతునే వదిలిస్తుంది గానీ పేగు దగ్గరే ఆగదు. నోరెండుతుంది, చూపు మసకబారుతుంది, మూత్రం సరిగా రాదు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), ప్రోస్టేట్ వాపు ఉన్నవారు డాక్టరుకు ముందే చెప్పండి.

విరేచనాల రకానికి లోపెరమైడ్ ఉంది, అది పరుగులు ఆపుతుందే తప్ప నొప్పి తగ్గించదు. ఉబ్బరం కూడా ఉంటే రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 14 రోజులు ఇస్తారు. ఇదే రకానికి ఇచ్చే ఎలక్సడోలిన్ మాత్రం పిత్తాశయం తీసేసినవారు వేసుకోనే కూడదు, క్లోమం వాచి ప్రాణం మీదకు వస్తుంది.

మలబద్ధకంలో పాలీఇథిలీన్ గ్లైకాల్ మలాన్ని మెత్తబరుస్తుంది, నొప్పి అలాగే ఉండిపోవచ్చు. లినాక్లోటైడ్ రెండింటికీ పనిచేస్తుంది. 290 మైక్రోగ్రాములు పరగడుపున, తినడానికి కనీసం అరగంట ముందు. కొవ్వు ఎక్కువున్న తిండి తిన్నాక వేసుకుంటే విరేచనాలు ఎక్కువవుతాయి. లుబిప్రోస్టోన్ దీనికి వ్యతిరేకం: తిండితోనే వేసుకోవాలి, లేకుంటే వికారం పెడుతుంది.

చీటీలో డిప్రెషన్‌ మందైన అమిట్రిప్టిలిన్ కనబడగానే, తమది మనోవ్యాధి అనుకున్నారని బాధపడి మానేసేవారు ఎందరో. దయచేసి అలా మానకండి. ఇక్కడ ఇచ్చేది రాత్రికి 10 మిల్లీగ్రాములు, డిప్రెషన్‌కు వాడే మోతాదుకన్నా బాగా తక్కువ. పేగు నుంచి మెదడుకు చేరే నొప్పి సంకేతాల జోరును ఇది తగ్గిస్తుంది. 2023లో లాన్సెట్‌లో వచ్చిన అట్లాంటిస్ పరిశోధనలో మోతాదును 30 మిల్లీగ్రాముల వరకు మెల్లగా పెంచుకుంటూ వెళ్లారు, ఆరు నెలలకు ఉత్తుత్తి మాత్రకన్నా ఇదే మెరుగని తేలింది. మొదటి వారంలో మగత, నోరెండటం కనిపిస్తాయి. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పొద్దున కూడా మత్తు వదలకపోతే, పడుకునేముందు కాకుండా సాయంత్రమే వేసుకుని చూడవచ్చేమో డాక్టరును అడగండి. మలబద్ధకం ఉన్నవారికి ఇది బిగింపును ఇంకా పెంచవచ్చు, ఆ మాట కూడా అప్పుడే అడగండి.