పొగరు డాక్టర్ కథలు రాస్తే: ఫ్లోరియాన్ డేవిడ్ ఫిట్జ్

అందరికీ నమస్తే. ఈసారి ఒక్క సినిమా కాదు, ఒక మనిషి కెరీర్ మొత్తం ముందేసుకుని కూర్చున్నాను.

ఫ్లోరియాన్ డేవిడ్ ఫిట్జ్, జర్మన్ నటుడు, రచయిత. 1974లో మ్యూనిక్‌లో పుట్టాడు, బోస్టన్ వెళ్లి నటన, పాట నేర్చుకున్నాడు. జర్మనీలో బాగా పేరొచ్చింది 2008లో ఆర్‌టీఎల్ అనే టీవీ ఛానెల్లో మొదలైన 'డాక్టర్స్ డైరీ' సిరీస్‌తో. అందులో ఇతను డాక్టర్ మార్క్ మయర్. అందగాడు, పొగరుబోతు, నోరు తెరిస్తే వెటకారం. మూడు సీజన్లు నడిచింది. ఇంకొకరైతే ఆ డాక్టర్ కోటు ఇంకో పదేళ్లు విప్పేవాళ్లు కాదు.

ఇతనేం చేశాడంటే, కూర్చుని 'విన్సెంట్ విల్ మేర్' రాశాడు. 2010లో వచ్చింది. డైరెక్షన్ రాల్ఫ్ హ్యూట్నర్, హీరో తనే. 'విన్సెంట్‌కి సముద్రం కావాలి' అని అర్థం, 'మేర్' అంటే సముద్రం. కానీ జర్మన్‌లో పైకి చదివితే 'ఇంకా కావాలి' అన్నట్టు కూడా వినపడుతుంది. టైటిల్లోనే రైటర్ దొరికిపోయాడు.

సినిమా మొదట్లో చర్చి. తల్లి అంత్యక్రియలు. విన్సెంట్‌కి టూరెట్ సిండ్రోమ్, అంటే తన ప్రమేయం లేకుండానే ఒళ్లు కుదుపులు, అరుపులు వచ్చే నరాల సమస్య. ఆపుకుందామని చూస్తాడు, ఆపుకునేకొద్దీ ఎక్కువవుతుంది, చివరికి అంత నిశ్శబ్దంలో బూతులు తన్నుకొస్తాయి. మనకు నవ్వొస్తుంది, మరుక్షణం నవ్వినందుకు సిగ్గేస్తుంది. తన అందాన్ని చూపించుకునే వేషం రాసుకోవచ్చు కదా, ఇది రాసుకున్నాడు!

తర్వాత తండ్రి అతన్ని క్లినిక్‌లో చేర్పిస్తాడు. అక్కడ తిండి మానేసిన ఒకమ్మాయి, శుభ్రం పిచ్చి ఉన్న ఒకబ్బాయి. డాక్టరమ్మ కారు కొట్టేసి ముగ్గురూ ఇటలీ సముద్రం వైపు బయల్దేరతారు. తల్లి బూడిద ఒక చాక్లెట్ల డబ్బాలో! నాకు బాగా నచ్చింది వెనకాల తరుముకొచ్చే తండ్రి. రాజకీయ నాయకుడు, పరువు పిచ్చి. అలాంటివాడికీ మెత్తబడే చోటు ఇచ్చాడు ఫిట్జ్. 2011 జర్మన్ ఫిల్మ్ అవార్డుల్లో బెస్ట్ ఫిల్మ్ ఇదే, బెస్ట్ యాక్టరూ ఫిట్జే.

2012లో 'జీసస్ లీబ్ట్ మిష్', అంటే 'జీసస్ నన్ను ప్రేమిస్తాడు'. డైరెక్షన్ తనే, జీసస్ తనే. నాకైతే ఎక్కలేదు, ముందుకెళ్దాం.

2018లో '100 డింగె', అంటే '100 వస్తువులు'. ఇద్దరు ఫ్రెండ్స్ పందెం కాస్తారు: ఉన్న సామానంతా వదిలేసి, రోజుకి ఒక్క వస్తువు చొప్పున వెనక్కి తెచ్చుకుంటూ వంద రోజులు. మొదటి రోజు ఒంటి మీద బట్ట కూడా ఉండదు. ఐడియా భలే ఉంది. కానీ లవ్ స్టోరీ అడ్డొచ్చిన దగ్గర్నుంచి ఆ పందెం సంగతి కథే మర్చిపోతుంది.

మీరు మాత్రం ముందు విన్సెంట్ చూడండి, డబ్బింగ్‌లో వద్దు, సబ్‌టైటిల్స్‌తో. ఆ తిట్లు జర్మన్‌లోనే వినాలి.