కాలువ మీద కాపురం: మొదటి పడవ కొనే ముందు

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లండులో ఇంటి అద్దెలు భరించలేక కొందరు, నీటి మీది బతుకు నచ్చి మరికొందరు, కాలువల్లో తిరిగే నారోబోటులోనే కాపురం పెడుతుంటారు. సన్నగా, పొడవుగా ఉండే ఆ ఉక్కు పడవను మొదటిసారి కొనేవారు వేటిని ముందు చూడాలి, వేటిని తరువాత చూసినా పరవాలేదు అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

వెడల్పు విషయంలో మనం ఎంచుకోవలసింది ఏమీ లేదు. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు రూపకల్పన చేయగా, ఆయన మరణానంతరం 1777లో పూర్తయిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువలో చాలా లాకులను, అంటే నీటిమట్టం పెంచి తగ్గించి పడవను ఎక్కించే, దించే తలుపుల గదులను, సుమారు 7 అడుగుల వెడల్పుతోనే కట్టారు. మధ్య ఇంగ్లండులోని అనేక కాలువలు ఆ కొలతనే అనుసరించాయి. అందుకే ఈ పడవల వెడల్పు దాదాపు 6 అడుగుల 10 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. లాకు ఎలా పనిచేస్తుందో గోదావరి డెల్టా వారికి వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే ఇంగ్లండులో చాలాచోట్ల తలుపులు తీసి మూసే పని పడవలో వెళ్లేవారిదే.

పొడవును మాత్రం ఆలోచించి తేల్చుకోవాలి. 70 అడుగుల పడవలో ఇల్లు విశాలంగానే ఉంటుంది కాని, యార్క్‌షైర్‌లోని కాల్డర్ అండ్ హెబుల్ వంటి కాలువల్లో లాకులు వెడల్పుగా ఉన్నా పొట్టివి కావడం వల్ల అది వాటిలో పట్టదు. దేశమంతా తిరగాలనుకునేవారు 57 అడుగులు దాటవద్దని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. ఒకే ప్రాంతంలో ఉండిపోయేవారికి ఈ నియమంతో అంతగా పని లేదు.

ఇక అసలు విషయానికి వస్తే, కొనేవారి కళ్లు సాధారణంగా వంటగది మీద, చెక్కపని మీద, బొగ్గు పొయ్యి మీద నిలుస్తాయి. డబ్బు మింగేది మాత్రం నీటిలో మునిగి కనబడని రేకు. ఇటీవలి పడవల్లో అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్క రేకులు 6, పైగది రేకు 4 మిల్లీమీటర్ల మందం ఉండడం పరిపాటి. పాత పడవల్లో ఇంతకంటే పలుచని రేకు వాడినవి ఉన్నాయి, దానికి తోడు తుప్పు తినేసిన భాగమూ ఉంటుంది. కాబట్టి పడవను నీటిలోంచి పైకి తీయించి, మనం స్వయంగా నియమించుకున్న పడవల సర్వేయరు చేత అల్ట్రాసోనిక్ పరికరంతో రేకు మందం కొలిపించకుండా బేరం ముగించకూడదు. అమ్మేవారు చూపించే పాత నివేదిక ఎంత అందంగా ఉన్నా, అది వారి కోసం రాసినదే. మందం 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే బీమా సంస్థలు వెనుకాడడం, పైన కొత్త రేకు అతికించాలని షరతు పెట్టడం మామూలు. ఆ అతుకు వల్ల పడవ బరువెక్కి నీటిలో మరికాస్త కిందికి దిగుతుంది. రెండు మూడేళ్లకొకసారి తారు పూత వేయించారా, తుప్పును తమ మీదికి లాక్కునే మెగ్నీషియం దిమ్మలను మార్చారా అన్నవి కూడా అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ కాలువల మీద లైసెన్సు కావాలంటే బీమాతో పాటు, నాలుగేళ్లకొకసారి తీసుకునే బోట్ సేఫ్టీ స్కీమ్ ధ్రువపత్రం ఉండాలి. అది గ్యాసు, విద్యుత్తు, ఇంధనం వల్ల వచ్చే ప్రమాదాలను పరిశీలిస్తుందే తప్ప, పడవ అడుగు గట్టిగా ఉందని చెప్పదు.

పడవ లోపలి ఏర్పాట్లు మనం ఎలా బతకదలచుకున్నామన్న దానిని బట్టి ఉండాలి. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం, పడవను కట్టివేసుకునే సొంత చోటు లేనివారు ఏ ఒక్కచోటా 14 రోజులకు మించి ఆగకుండా ప్రయాణిస్తూ ఉండాలి. అటువంటి సంచార జీవితంలో, చేత్తో పట్టుకెళ్లి ఖాళీ చేయగల క్యాసెట్ మరుగుదొడ్డి, పంపుతో తోడించవలసిన పెద్ద ట్యాంకు కంటే సులువని నా అభిప్రాయం. చలికాలంలో కాలువ గడ్డకట్టి పడవ కదలని రోజుల్లో ఆ తేడా బాగా తెలిసివస్తుంది. సౌరఫలకాలు వేసవిలో పుష్కలంగా కరెంటు ఇస్తాయి. డిసెంబరులో మాత్రం బ్యాటరీల కోసం ఇంజను నడపక తప్పదు, అదీ పక్క పడవల వారికి ఇబ్బంది కలగకుండా రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఆపి ఉంచి. పొయ్యి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం పనిచేస్తోందో లేదో నొక్కి చూడండి.

చివరిగా కాగితాల సంగతి. ఇళ్లకు ఉన్నట్టుగా ఈ పడవలకు తప్పనిసరి యాజమాన్య రిజిస్ట్రీ లేదు. పక్కన రాసి ఉన్న లైసెన్సు నంబరు సొంతదారు ఎవరో రుజువు చేయదు. గత విక్రయ పత్రాలను వరుసగా చూసి, పడవ మీద రుణబాకీ లేదని రాతపూర్వకంగా తీసుకుని, సర్వే ఫలితానికి లోబడే కొంటామన్న షరతు మీదనే బయానా ఇవ్వాలి. సర్వేయరు రుసుము, క్రేను ఖర్చు సాధారణంగా కొనేవారే భరించాలి కనుక, బేరానికి వెళ్లే ముందే ఆ సొమ్మును పడవ ధరకు కలిపి లెక్క వేసుకోవడం మంచిది.