డెప్త్ దొరికేది ట్రాన్స్‌ఫర్ విండోలో కాదు, 60వ నిమిషంలో!

ఫుట్‌బాల్‌లో రొటేషన్ గొడవ మళ్ళీ మొదలైంది. రొటేషన్ అంటే మ్యాచ్ మ్యాచ్‌కి ఆటగాళ్ళని మార్చి ఆడించడం. టీమ్ ఓడినప్పుడల్లా ఇదే పాట. నలుగుర్ని మారిస్తే "గెలుస్తున్న టీమ్‌ని ఎందుకు కదిపాడు" అంటారు. మార్చకపోతే "అలిసిపోయారు, బెంచ్ లేదు, జనవరి ట్రాన్స్‌ఫర్ విండోలో, అంటే ఆటగాళ్ళని కొనే గడువులో, ఇద్దర్ని కొనండి" అంటారు. రెండు వైపులా కేకలే. లెక్క వేసినవాడు మాత్రం ఒక్కడూ కనపడడు.

ఆ లెక్క ఈరోజు మనం వేద్దాం. నా మాట ముందే చెప్పేస్తున్నా. స్క్వాడ్ డెప్త్‌ని, అంటే మొదటి వరస లేనప్పుడు ఆదుకునే రెండో వరస బలాన్ని, డబ్బిచ్చి కొనలేం. సెప్టెంబర్‌లో, అక్టోబర్‌లో, 60వ నిమిషంలో, స్కోరు 1-0 ఉన్నప్పుడు, గుండె దిటవు చేసుకుని రెండో వరస ఆటగాడిని దింపే మేనేజర్ దాన్ని తయారు చేస్తాడు. బెంచ్ మీద ఎన్ని పేర్లు ఉంటే ఏం లాభం, ఆ కాళ్ళలో నిమిషాలు లేకపోతే?

ఆర్సెనల్ 2022-23 సీజన్ తీసుకోండి. మార్చి 16న స్పోర్టింగ్‌తో యూరోపా లీగ్ మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) సలీబా వెన్ను పట్టేసి బయటికి వచ్చాడు. అదే మ్యాచ్‌లో ఇంకో డిఫెండర్ టొమియాసు కూడా గాయంతో బయటికి వెళ్ళాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. లివర్‌పూల్ మీద రెండు గోల్స్ ఆధిక్యం పోయి 2-2. వెస్ట్‌హామ్ మీదా అంతే, రెండు కొట్టి 2-2. పట్టికలో అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో సొంత గ్రౌండ్‌లో 3-3. తర్వాత మాంచెస్టర్ సిటీ చేతిలో 4-1 ఓటమి. సీజన్‌లో 248 రోజులు మొదటి స్థానంలో ఉన్న టీమ్ 84 పాయింట్లతో రెండో స్థానంలో ముగించింది.

అందరూ "సలీబా గాయం వల్ల టైటిల్ పోయింది" అంటారు. నేను ఒప్పుకోను! సలీబా అప్పటిదాకా లీగ్‌లో 27 మ్యాచ్‌లకు 27 మొదటి నుంచి ఆడాడు. పక్కన గాబ్రియెల్ కూడా అంతే. అంటే వాళ్ళ బదులు ఆడాల్సిన రాబ్ హోల్డింగ్ ఆ సీజన్ లీగ్‌లో అప్పటిదాకా సెంటర్ బ్యాక్‌గా ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టలేదు. ఏడు నెలలు కూర్చోబెట్టి, టైటిల్ పోరు మధ్యలో లివర్‌పూల్ గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో నిలబెట్టి "సలీబాలా ఆడు" అంటే ఎలా ఆడతాడు? సలీబాకి వెనక్కి పరిగెత్తే వేగం ఉంది కాబట్టి డిఫెన్స్ లైన్ సగం గ్రౌండ్ దాకా వెళ్ళి నిలబడేది. హోల్డింగ్‌కి ఆ వేగం లేదు. ఆ లైన్ నాలుగడుగులు వెనక్కి జరిగింది. అది జరిగేసరికి మిడ్‌ఫీల్డ్‌కి, డిఫెన్స్‌కి మధ్య ఖాళీ పెరిగింది. ఆ ఖాళీని కాపలా కాయాల్సింది మిడ్‌ఫీల్డర్ పార్టే. ఒక్క మనిషి మారితే ముగ్గురి పని మారింది. ఈ సర్దుబాటు నవంబర్‌లో, చిన్న మ్యాచ్‌లో, రెండు గోల్స్ ముందున్నప్పుడు నేర్చుకోవాలి. ఏప్రిల్‌లో ఆన్‌ఫీల్డ్‌లో కాదు.

ఇక లెక్క. కాగితం తీసుకోండి.

సీజన్‌కి 60 మ్యాచ్‌లు అనుకుందాం. ఇదేమీ అతి కాదు. ఇంగ్లండ్ క్లబ్ అన్నిట్లో ఫైనల్ దాకా వెళ్తే లీగ్ 38, ఛాంపియన్స్ లీగ్ ప్లేఆఫ్ తప్పించుకుంటే 15, ఎఫ్ఏ కప్ 6, లీగ్ కప్ 6, మొత్తం 65. మనం 60 దగ్గర ఆగుదాం. గోల్‌కీపర్‌ని పక్కన పెట్టండి. పది స్థానాలు, 90 నిమిషాలు, 60 మ్యాచ్‌లు: 54,000 నిమిషాలు. మొదటి వరస పదిమందిలో ఎవరూ 3,800 నిమిషాలు దాటకూడదని గీత గీద్దాం. అది నేను పెట్టుకున్న గీత, మీకు ఇంకో అంకె నచ్చితే మార్చుకోండి. వాళ్ళు 38,000 మోస్తారు. మిగిలింది 16,000 నిమిషాలు. ఇవి ఎవరు ఆడాలి? రెండో వరస.

ఇప్పుడు సబ్‌లు, అంటే మ్యాచ్ మధ్యలో దింపే బదులు ఆటగాళ్ళు. ప్రీమియర్ లీగ్‌లో 2022-23 నుంచి ఐదుగురిని మార్చొచ్చు, హాఫ్‌టైమ్ బ్రేక్ కాకుండా మూడుసార్లు ఆట ఆపి. ఒకరిని గాయాల కోసం దాచుకోండి. మిగతా నలుగుర్ని 60వ నిమిషం చుట్టుపక్కల దింపితే మ్యాచ్‌కి 120 నిమిషాలు. 60 మ్యాచ్‌లకి 7,200. ఇంకా 8,800 మిగిలాయి. 90తో భాగిస్తే దాదాపు 98 పూర్తి మ్యాచ్‌లు. అంటే మూడు మ్యాచ్‌లకి కలిపి మొదటి పదకొండులో ఐదు మార్పులు. ఇంతే! రిథమ్ పాడయ్యేంత రొటేషన్ ఇందులో ఎక్కడుంది?

అదే నలుగురిని 85వ నిమిషంలో దింపే మేనేజర్‌ని చూడండి. మ్యాచ్‌కి 20 నిమిషాలు. సీజన్‌కి 1,200. మిగిలింది 14,800, అంటే 164 పూర్తి మ్యాచ్‌లు. మూడు మ్యాచ్‌లకి ఎనిమిది మార్పులు! చూశారా? సబ్‌లని చివరిదాకా బిగబట్టుకునే మేనేజరే తర్వాత ఒక్కసారిగా ఆరుగుర్ని మార్చాల్సి వస్తుంది. లేదా మార్చకుండా మొదటి వరస కండరాల మీద ఆ బరువంతా వేస్తాడు. రొటేషన్ అంటే మీకు చిరాకు తెప్పించేది నిజానికి 85వ నిమిషం సబ్‌లే.

"మా వాళ్ళు ఇంకా బాగానే పరిగెత్తుతున్నారు, జీపీఎస్ అంకెలు చూడండి" అనేవాళ్ళకి ఒక్క మాట. 2010లో ఒక స్పోర్ట్స్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశోధన ఉంది. వారానికి ఒక మ్యాచ్ ఆడినప్పుడు వెయ్యి గంటలకి 4.1 గాయాలు. రెండు ఆడినప్పుడు 25.6. ఆరు రెట్లు! ఆటగాళ్ళు పరిగెత్తిన దూరం మాత్రం తగ్గలేదు. అంకెల్లో అలసట కనపడలేదు, కండరంలో కనపడింది. బుధవారం రాత్రి 10 గంటలకి మ్యాచ్ ముగిసి, శనివారం మధ్యాహ్నం 12:30కి ఇంకోటి మొదలైతే మధ్యలో 62 గంటల 30 నిమిషాలు. కండరంలో ఖర్చయిన గ్లైకోజన్ (కండరం దాచుకునే ఇంధనం) పూర్తిగా నిండడానికి 72 గంటల దాకా పట్టొచ్చు. అందులోనే విమానం, అందులోనే నిద్ర.

మరి ఎక్కడ తేలిగ్గా కుదరదు? సెంటర్ బ్యాక్ దగ్గర. వింగర్‌ని (అంచు మీద దాడి చేసేవాడు), ఫుల్ బ్యాక్‌ని (అంచు మీద కాపలా కాసేవాడు) 60లో మారుస్తారు. సెంటర్ బ్యాక్‌ని ఎవరూ మార్చరు. అందుకే ఆ రెండో వరసకి నిమిషాలు సబ్‌గా రావు, మొదటి నుంచి ఆడిస్తేనే వస్తాయి. అందుకే టైటిళ్ళు అక్కడే కూలతాయి. ఆర్సెనల్ చూశాం, ఇప్పుడు లివర్‌పూల్ 2020-21.

సెంటర్ బ్యాక్ లొవ్రెన్‌ని అమ్మేశారు, బదులు ఎవర్నీ తేలేదు. అక్టోబర్ 17న మిగిలిన సెంటర్ బ్యాక్‌లలో వాన్ డైక్ మోకాలికి గాయం. నవంబర్‌లో గోమెజ్‌కి. జనవరికి మాటిప్ కూడా గాయంతో దూరమయ్యాడు. అప్పుడు మేనేజర్ క్లాప్ ఏం చేశాడు? మిడ్‌ఫీల్డ్ నుంచి ఫాబిన్యోని, హెండర్సన్‌ని వెనక్కి లాగాడు. ఒక చిల్లు పూడ్చడానికి ఇంకో రెండు చిల్లులు! 68 లీగ్ మ్యాచ్‌లు సొంత గ్రౌండ్‌లో ఓడని టీమ్, జనవరి 21న బర్న్లీతో మొదలుపెట్టి అక్కడే వరసగా ఆరు ఓడింది. విండో చివరి రోజు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కబాక్‌ని, బెన్ డేవిస్‌ని తెచ్చారు. మరి బాగుపడింది ఎప్పుడు? మార్చిలో ఫాబిన్యోని మిడ్‌ఫీల్డ్‌కి పంపి, నాట్ ఫిలిప్స్‌ని వెనక ఎక్కువ మ్యాచ్‌లు ఆడించినప్పుడు. ముందు పక్కన కబాక్, తర్వాత రీస్ విలియమ్స్. ఆఖరి పది మ్యాచ్‌ల్లో 30కి 26 పాయింట్లు, మూడో స్థానం. ఫిలిప్స్, విలియమ్స్ ఆకాశం నుంచి ఊడిపడ్డారా? నవంబర్‌లో కూడా అక్కడే ఉన్నారు! అడపాదడపా ఒక మ్యాచ్ ఇచ్చి లోపల కూర్చోబెట్టారు.

సిటీ సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే వాళ్ళకి ముందే హెచ్చరిక వచ్చింది. 2023-24లో లీగ్‌లో సిటీ ఓడింది మూడే మూడు. వుల్వ్స్, ఆర్సెనల్, ఆస్టన్ విల్లా. మూడింట్లోనూ మిడ్‌ఫీల్డర్ రోడ్రి లేడు. అతనికి తోడుగా 2022లో కాల్విన్ ఫిలిప్స్‌ని కొన్నారు కదా? కొన్నారు. ఆడించారా? లీగ్‌లో మొదటి నుంచి ఆడించినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2024 జనవరిలో వెస్ట్‌హామ్‌కి లోన్ మీద, అంటే అరువుగా, పంపేశారు. డబ్బుతో డెప్త్ వస్తుందనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి. 2024 సెప్టెంబర్ 17న రోడ్రి నోరు తెరిచి, ఈ మ్యాచ్‌ల భారం ఇలాగే ఉంటే ఆటగాళ్ళు సమ్మెకి దగ్గరలోనే ఉన్నారన్నాడు. ఐదు రోజుల తర్వాత ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో అతని మోకాలి లిగమెంట్ తెగింది. ఆ గాయం అలసట వల్ల అని నేను అనడం లేదు, కార్నర్ దగ్గర తోపులాటలో జరిగింది. నా కోపం అతని వెనక ఎవరి కాళ్ళలోనూ నిమిషాలు లేనందుకు. అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ 26 దాకా 13 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి.

పేర్లు పెంచితే చాలనుకుంటే చెల్సీ 2022-23 ఉంది. జనవరికి సీనియర్ ఆటగాళ్ళే 30 మంది దాటారు. కానీ ప్రీమియర్ లీగ్ జాబితాలో 25 పేర్లే పడతాయి, అందులో హోమ్‌గ్రోన్ (అక్కడి క్లబ్‌లలోనే పెరిగినవాళ్ళు) కానివాళ్ళు 17 మించకూడదు, 21 ఏళ్ళ లోపువాళ్ళు లెక్కలోకి రారు. అప్పటి ఛాంపియన్స్ లీగ్‌లో గ్రూప్ దశ తర్వాత మూడు పేర్లే మార్చడానికి వీలుండేది. అందుకే అప్పుడే కొన్న డిఫెండర్ బాదియాషీల్‌కి యూరప్ జాబితాలో చోటే దొరకలేదు. చివరికి 44 పాయింట్లు, 12వ స్థానం.

"మరి 14 మందితో టైటిల్ కొట్టిన ఆస్టన్ విల్లా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. 1980-81, రాన్ సాండర్స్ టీమ్, ఏడుగురు 42కి 42 ఆడారు. కానీ ఆ ఏడాది యూరప్ పోటీలు లేవు, ఎఫ్ఏ కప్‌లో మొదటి మ్యాచ్‌కే ఇంటికి. మరుసటి ఏడాది యూరోపియన్ కప్ గెలిచారు, లీగ్‌లో మాత్రం 11వ స్థానం. లెస్టర్ కూడా అంతే. 2015-16లో అన్నీ కలిపి 43 మ్యాచ్‌లు. యూరప్ వచ్చిన మరుసటి ఏడాది 12వ స్థానం, ఫిబ్రవరిలోనే రానియేరి ఉద్యోగం పోయింది. వారానికి ఒక మ్యాచ్ ఆడే టీమ్ లెక్క తెచ్చి, మూడు రోజులకోసారి ఆడే టీమ్ నెత్తిన పెట్టకండి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2009 డిసెంబర్‌లో వుల్వ్స్ మేనేజర్ మిక్ మెకార్తీ మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కి పది మార్పులతో వెళ్ళాడు. 3-0 ఓడిపోయాడు. తర్వాతి మ్యాచ్‌లో బర్న్లీని 2-0 కొట్టి, ఆ సీజన్ లీగ్‌లో నిలబడ్డాడు. ఆ పది మార్పులకి లీగ్ 25,000 పౌండ్ల జరిమానా వేసి, అమలు వాయిదా వేసింది. మరుసటి సీజన్‌లో బ్లాక్‌పూల్ మేనేజర్ ఇయాన్ హాలోవే విల్లా మీద పది మార్చాడు. 3-2 ఓడాడు. ఈసారి 25,000 కట్టించారు! 25 మంది జాబితా రాయమన్నది వాళ్ళే, అందులోంచి పదకొండుగురిని ఎంచుకుంటే జరిమానా వేసిందీ వాళ్ళే.

కానీ వుల్వ్స్ పదిమంది పక్కన రియల్ మాడ్రిడ్ మేనేజర్ జిదాన్ తొమ్మిదిమందిని పెట్టి చూడండి. 2017 ఏప్రిల్ 23న రియల్ మాడ్రిడ్ బార్సిలోనా చేతిలో 3-2 ఓడింది. మూడు రోజుల్లో డెపోర్టివోతో మ్యాచ్. జిదాన్ తొమ్మిదిమందిని మార్చాడు. 6-2! హామెస్ రెండు కొట్టాడు. ఇస్కో, హామెస్, మొరాటా, అసెన్సియో, కొవాచిచ్ సీజన్ మొత్తం ఆడుతూనే వచ్చారు కాబట్టి ఒకరి పరుగు ఒకరికి తెలుసు. 32 ఏళ్ళ రొనాల్డో ఆ లీగ్‌లో ఆడింది 29 మ్యాచ్‌లే. ఆ విశ్రాంతి ఎక్కడ తేలింది? ఛాంపియన్స్ లీగ్‌లో బాయెర్న్ మీద ఐదు గోల్స్, అట్లెటికో మీద మూడు, ఫైనల్‌లో యువెంటస్ మీద రెండు. లీగూ, ఛాంపియన్స్ లీగూ రెండూ గెలిచారు.

ఇక బెంచ్ మీది మనిషి శరీరం సంగతి. మ్యాచ్ మరుసటి రోజు ఆడినవాళ్ళు సైకిల్, పూల్ చేసుకుంటారు. ఆడనివాళ్ళకి చిన్న గ్రౌండ్‌లో నలుగురు నలుగురు ఆట పెడతారు. ఊపిరికి అది సరిపోతుంది, హ్యామ్‌స్ట్రింగ్‌కి (తొడ వెనక కండరానికి) సరిపోదు. ఎందుకంటే అంత చిన్నచోట ఎవడూ పూర్తి వేగం అందుకోలేడు. హ్యామ్‌స్ట్రింగ్ చిరిగేది పూర్తి వేగంలో, కాలు ముందుకి చాచి, పాదం నేలకి తగలబోయే క్షణంలో. కండరం సాగుతూనే కాలికి బ్రేక్ వేయాలి. మూడు వారాలు ఆ పని చేయని కండరాన్ని 80వ నిమిషంలో దింపి లాంగ్ బాల్ వెనక పంపిస్తే, పదో నిమిషానికే తొడ వెనక చెయ్యి పెట్టుకుంటాడు. అందుకే చిన్నాట తర్వాత పెద్ద గ్రౌండ్‌లో పొడుగు స్ప్రింట్‌లు తప్పనిసరి.

మార్పులు చేసేటప్పుడు కూడా ఒక వరస ఉంది. రెండు సెంటర్ బ్యాక్‌లనీ ఒకేసారి మార్చకండి, ఒకడు పాతవాడు ఉండాలి. ఒక వైపు ఫుల్ బ్యాక్‌ని, వింగర్‌ని జంటగా చూడండి: ఇద్దరూ కొత్తవాళ్ళయితే ఎవడు లోపలికి వెళ్ళాలో, ఎవడు గీత మీద ఉండాలో తేలదు, బంతి పోయాక ఆ వైపు తలుపు తెరిచినట్టే. బుధ, శని మ్యాచ్‌లకి పేర్లు విడివిడిగా రాయకండి, సోమవారమే రెండు టీమ్‌లూ పక్కపక్కన రాయండి.

ఇప్పుడు మీ వంతు. మీ క్లబ్ ఆడిన గత పది మ్యాచ్‌లు తీయండి. మొదటి సబ్ ఏ నిమిషంలో దిగాడో, మూడో సెంటర్ బ్యాక్ లీగ్‌లో ఎన్ని మ్యాచ్‌లు మొదలుపెట్టాడో, ఆ రెండు అంకెలూ కింద రాయండి. క్లబ్ పేరు రాయకపోయినా ఫర్వాలేదు. మూడో సెంటర్ బ్యాక్ పక్కన సున్నా కనపడితే చాలు, వాళ్ళ మార్చి నెల గురించి ఇంకో వీడియో చేస్తా.