చోడి అంబలి, పక్కనే టీ గ్లాసు

(పోషణ మాసంలో విజయనగరం జిల్లా తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద పెద్దలకు, ఎండలో నడిచొచ్చిన తల్లులకు, అంగన్‌వాడీ అప్పలకు నమస్కారం. పేరుపేరునా చెబుతూ కూర్చుంటే మీ పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు. విషయంలోకి వెళ్దాం.

పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజాలు, పీచు, నీరు. ఈ వరస మీ పిల్లలే ఒప్పజెబుతారు. గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు, మాంసకృత్తులూ 4, నూనె 9. మన కంచాల్లో అన్నం గుట్టకి లోటు లేదు. లోటు మాంసకృత్తులకి, ఇనుముకి, కాల్షియానికి. 55 కిలోల ఆడమనిషికి రోజుకి 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6, గుప్పెడు కందిపప్పులో, అంటే 30 గ్రాముల్లో, 7. మాంసకృత్తుల్ని కట్టే ఇటుకల్లాంటివి ఉంటాయి: వాటిలో బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువైన మిథియొనైన్ బియ్యంలో దొరుకుతుంది. అందుకే అన్నం, పప్పు కలిపి తినాలి. మనం ఏం చేస్తున్నాం? ఉలవలు ఉడికించి చారు మనం పోసుకుని, ఉలవలు గేదెకి పెడుతున్నాం. గేదె నిగనిగలాడుతోంది మరి!

ఒక్క మాట. ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లుంటే, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంటే, ఈ మాంసకృత్తుల లెక్క వాళ్లకి వర్తించదు. రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

ఇక చోళ్లు, అంటే రాగులు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పది కూడా కష్టమే. విజయనగరం పరిశోధనా స్థానంలో పుట్టిన చోడి రకాలకి చంపావతి, వేగావతి అని మన ఏర్ల పేర్లే పెట్టారు. అంత దగ్గరి పంట. కానీ తిన్నది వేరు, ఒంటబట్టింది వేరు. గింజలోని ఫైటేట్లు అనే పదార్థాలు ఇనుముని, కాల్షియాన్ని పట్టుకుని వదలవు. వదిలించేది మొలక.

చోళ్లు కడిగి రాత్రంతా నానబెట్టండి. నీళ్లు పూర్తిగా వార్చి, తడిబట్టలో వదులుగా కట్టి ఒకరోజు ఉంచండి. తెల్లటి మొలక కనబడగానే ఎండబెట్టి, అరచేతులతో నలిపి మొలక రాల్చి, దోరగా వేయించి మర పట్టించండి. మూట బిగించి కట్టినా, నీళ్లు నిలిచినా బూజు వాసన వస్తుంది. అది పారబోయాలి, వేయించినా బాగుపడదు. ఈ పిండితో కాచిన జావ గట్టిపడదు. అందుకే అదే గిన్నెలో పిండి ఎక్కువ పడుతుంది, పసిదాని చిన్న పొట్టలోకి బలం ఎక్కువ వెళుతుంది. రాత్రి పిండి కలిపి పులియబెట్టి, పొద్దున నూకలతో కాచే పాత అంబలి కూడా ఫైటేట్లని వదిలించే పని కొంత చేస్తుంది. ఇప్పుడు పులియబెట్టే ఓపిక లేదు, అప్పటికప్పుడు కాచేస్తున్నాం. పక్కన టీ గ్లాసు!

విటమిన్ల గురించి కూడా చెప్పాలనుకున్నాను. మునగాకులో చెంచాడు నూనె పడితేనే ఎ విటమిన్ ఒంటబడుతుంది. నిమ్మకాయ పొయ్యి దించాక పిండండి, వేడికి సి విటమిన్ పోతుంది. మిగతావి మరోసారి. ఎందుకంటే ఆ గుమ్మం దగ్గర ఫ్లాస్కు కనబడుతోంది.

ఆకుకూరల్లో, గింజల్లో ఉన్న ఇనుములో పదో వంతు కూడా మామూలుగా ఒంటబట్టదు. భోజనంతో పాటు టీ తాగితే అందులోని టానిన్లు ఆ కాస్తని కూడా సగానికి పైగా పట్టేస్తాయి. గర్భిణికి రోజుకి 27 మిల్లీగ్రాముల ఇనుము కావాలమ్మా! ఎక్కడి నుంచి వస్తుంది? ఎర్ర మాత్ర నుంచా? దాన్నీ టీతోనే మింగుతున్నారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంత దూరం నడిచొచ్చిన మందు మీ నోటి దగ్గర టీలో మునిగిపోతోంది.

మాత్ర నిమ్మరసంతో వేసుకోండి. కాల్షియం మాత్రకి, దీనికి కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రెండూ కలిస్తే ఇనుము వెనకబడుతుంది. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయకండి, అది మిగిలిపోయిన ఇనుము రంగే. వికారంగా ఉంటే రాత్రి భోజనమయ్యాక వేసుకోండి.

భోజనాలయి పావుగంటేగా అయింది? ఆ ఫ్లాస్కు మూత బిగించి ఉంచు తల్లీ. ఒక గంటాగి తాగుదాం. ఈలోగా అడగాల్సినవి అడగండి.