జట్టులోని దొంగ ఎవరి సంచిలో చేయి పెట్టాడు?

నమస్కారం. ఈ రోజు మీకు ఒక వజ్రం కథ చెబుతాను. ఒక కాగితం మీద పెన్సిలుతో రాసుకున్న వజ్రం అది. "వజ్రం, విలువ 300 బంగారు నాణేలు", అంతే. ఆ ఒక్క పంక్తి కోసం మా ఐదుగురం నెల రోజులు ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోలేకపోయాం.

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడనివారి కోసం ముందు రెండు మాటలు. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డన్జన్ మాస్టర్ అంటాం. మా జట్టులో అది నేను. మిగిలినవారికి తలా ఒక పాత్ర. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు, ఫలితం ఎటు పోతుందో తెలియని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఒకరి మీద ఒకరు గెలిచే ఆట కాదిది. అందరూ ఒకే బృందంగా ఒక కథలోకి వెళ్తారు. ఒక్కో కథ నెలల తరబడి సాగుతుంది.

మేము హైదరాబాదులో, కూకట్‌పల్లిలోని మా ఇంట్లో, ప్రతి శనివారం సాయంత్రం ఆడతాం. అప్పటికి మా కథ మొదలై ఏడు నెలలు. పూజారి పాత్ర వేసేది ఒక బడి పంతులమ్మ, మా అందరికీ అక్క. ఆ పాత్రను క్లెరిక్ అంటారు, గాయాలు మాన్పుతుంది. క్లెరిక్ చేతిలో రివివిఫై అనే మంత్రం ఒకటి ఉంటుంది. మనిషి చనిపోయి నిమిషం దాటకపోతే తిరిగి బతికించవచ్చు. అయితే దానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి, మంత్రం వేయగానే అది ఖర్చయిపోతుంది. అక్క తన వాటాకు వచ్చిన ప్రతి నాణేన్నీ దాచి ఆ వజ్రం కొన్నది. తన కోసం కాదు, మాలో ఎవరు పడిపోయినా లేపడం కోసం.

మా జట్టులో దొంగ పాత్ర వేసే తమ్ముడు ఒకడున్నాడు. ఒక శనివారం ఆట మధ్యలో నా ఫోనుకు అతని దగ్గరి నుంచి సందేశం వచ్చింది. "అన్నా, క్లెరిక్ నిద్రపోతున్నప్పుడు సంచిలోంచి వజ్రం తీస్తాను. పాచిక వేయనా?" బల్లకు అవతలి వైపు కూర్చుని నా వైపే చూస్తున్నాడు. నేను తల ఊపాను. పాచిక దొర్లింది. పదిహేడు. ఏదో తాళం తీస్తున్నాడని అందరూ అనుకున్నారు. అక్క కూడా "బాగా పడిందిరా" అని మెచ్చుకుంది.

ఆ మెచ్చుకోలు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాలుగు వారాల తర్వాత ఒక గుహలో మా యోధుడు కూలిపోయాడు. ఆ పాత్ర వేసే స్నేహితుడు నోట మాట లేకుండా కూర్చున్నాడు. అక్క మాత్రం ధైర్యంగానే ఉంది. "వజ్రం తీస్తున్నాను, రివివిఫై" అంది. సంచిలో వజ్రం లేదని నేను చెప్పాల్సి వచ్చింది. తన కాగితం చూసుకుంది, పంక్తి అక్కడే ఉంది. తర్వాత నా ముఖం చూసింది, ఆ తర్వాత తమ్ముడి ముఖం. అతను భుజాలు ఎగరేసి, "నేను దొంగను కదా అక్కా, నా పాత్ర అలాగే చేస్తుంది" అన్నాడు.

అక్క కోప్పడలేదు. పుస్తకం మూసి ఒకే మాట అంది: "వజ్రం పోతే పోయింది. నాలుగు వారాలు నా పక్కనే కూర్చుని, నా డబ్బాలోంచే పులిహోర తిన్నావు కదరా."

ఈ వీడియో చేస్తున్నది ఆ మాట కోసమే. ఈ ఆట ఆడే ఎన్నో బల్లల దగ్గర ఇదే గొడవ, ఇదే సమాధానం: "నా పాత్ర అలాగే చేస్తుంది." దాన్ని నేను ఒప్పుకోను. పాత్రకు సొంత చేతులు లేవు. ఆ దొంగను అలా రాసుకున్నది మనం, ఆ రాత్రి ఆ సంచినే ఎంచుకున్నదీ మనమే. దొంగ అయినంత మాత్రాన తనకు అన్నం పెట్టే ఇంట్లోనే దొంగతనం చేయాలని ఎక్కడా లేదు. నియమాల పుస్తకం కూడా మనల్ని ఇక్కడ కాపాడదు. మరొకరి నడుమున ఉన్న డబ్బు సంచి కొట్టేయడానికి హస్తలాఘవం పాచిక వేయమని చెబుతుందే గాని, ఆ సంచి దారిన పోయే వ్యాపారిదా, తోటి ఆటగాడిదా అని తేడా చూపదు. ఆ తేడా చూడవలసింది బల్ల దగ్గర ఉన్న మనుషులు. అందరికన్నా ముందు నేను. తల ఊపినప్పుడు నేను న్యాయంగా పాచిక వేయించాననుకున్నాను. నిజానికి దొంగతనంలో భాగం పంచుకున్నాను.

అలాగని ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడకూడదు అని నేను అనడం లేదు. అసలు ఈ తరహా ఆట పుట్టుకలోనే ఒక తగాదా ఉంది. 1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఒక యుద్ధ క్రీడ ఏర్పాటు చేశాడు. నెపోలియన్ కాలం నాటి బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణం, అందులో తలా ఒక మనిషి పాత్ర. ఆట మధ్యలో ఇద్దరు ఆటగాళ్లు వచ్చి, మా పాత్రలు ద్వంద్వ యుద్ధానికి సవాలు చేసుకున్నాయి, ఇప్పుడెలా అని అడిగారు. వెస్లీ దగ్గర దానికి నియమాలే లేవు. అప్పటికప్పుడు కల్పించాడు. అంతా గందరగోళమైందని, ప్రయోగం చెడిపోయిందని ఆయన బాధపడితే, వచ్చినవాళ్లు మళ్లీ ఎప్పుడు ఆడదామని వెంటపడ్డారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ తర్వాత గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. ఆ మొదటి పెట్టెలో యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ మాత్రమే ఉన్నారు. దొంగ 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో వచ్చాడు.

ఆ ఇద్దరి ద్వంద్వ యుద్ధాన్ని గమనించండి. ఇద్దరూ కలిసి వచ్చి అడిగారు. ఇద్దరికీ కావాలి. 1984లో వచ్చిన పారనోయా అనే ఆటలోనైతే తోటివాడిని వెన్నుపోటు పొడవడమే పని. అయినా ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే కూర్చునే ముందే ఆ సంగతి అందరికీ తెలుసు. పైగా ప్రతి పాత్రకూ చస్తే దింపడానికి వరుసగా నకళ్లు సిద్ధంగా ఉంటాయి. అక్కకు మాత్రం తెలియదు. పాత్రకు తెలియకపోవడం కథ. అక్కకే తెలియకపోవడం మోసం. నా దృష్టిలో గీత ఇక్కడే ఉంది.

ఇక నా రెండో తప్పు. మరుసటి శనివారం దొంగకు బుద్ధి చెప్పాలని, ఊళ్లోకి రాగానే కొత్వాలు చేత పట్టించి చెరసాలలో వేయించాను. తమ్ముడికి అది కథలా కనిపించలేదు, నేను పగ తీర్చుకుంటున్నట్టు కనిపించింది. అక్కకు సంతోషం కలగలేదు. యోధుడు ఎలాగూ తిరిగి రాలేదు. మనుషుల మధ్య వచ్చిన బాధను భటులు తీర్చరు. కురుక్షేత్రంలో భీష్ముడు కర్ణుణ్ని అర్ధరథుడన్నాడు, భీష్ముడు పడేదాకా ఆయుధం పట్టనని కర్ణుడు పది రోజులు పక్కన కూర్చున్నాడు. సొంత శిబిరంలో అన్న మాట అంత దూరం పోతుంది. మా బల్ల దగ్గరా అంతే, అక్క వస్తోంది, కూర్చుంటోంది, వంతు వచ్చినప్పుడు పాచిక వేస్తోంది. మాట మాత్రం లేదు.

చివరికి ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఆ తర్వాత ఒక శనివారం పాచికలు, పుస్తకాలు అలమరలో పెట్టి, ఖాళీ బల్ల చుట్టూ కూర్చున్నాం. టీ తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు తమ్ముడు నేల చూస్తూ చెప్పాడు: "రెండు నెలలుగా నాకు చేయడానికి ఏమీ ఉండటం లేదు అన్నా. ఊరి పెద్ద కనబడితే అక్క మాట్లాడుతుంది. రాక్షసుడు కనబడితే యోధుడు కొడతాడు. నేను తాళాలు తీస్తాను, అంతే. ఒక్కసారైనా కథ నా వల్ల మలుపు తిరగాలనిపించింది."

అక్క కప్పు కింద పెట్టింది. "ఆ మాట అప్పుడే అడగవచ్చు కదరా, నేను నోరు మూసుకునేదాన్ని" అంది. గొంతులో కోపం ఇంకా ఉంది, కానీ నెల తర్వాత అతనితో నేరుగా మాట్లాడింది. అతను క్షమించమన్నాడు. నేనూ క్షమాపణ అడిగాను. రెండు నెలలుగా నా కళ్ల ముందే ఒకడు అలా ముడుచుకుపోతుంటే గమనించనిది నేనే.

అనుభవం ఉన్న జట్లు కథ మొదలుపెట్టక ముందే ఒక రోజు ఇలా కూర్చుంటాయి. దాన్ని సెషన్ జీరో అంటారు. ఏవి ఇష్టం, ఏవి భరించలేం, ఒకరి వస్తువు మీద ఇంకొకరు చేయి వేయవచ్చా, అన్నీ ముందే తేల్చుకుంటారు. మేము ఏడు నెలలు ఆలస్యంగా ఆ పని చేశాం. మా బల్లకు ఒకటే కొత్త కట్టుబాటు పెట్టుకున్నాం: ఒక ఆటగాడి పాత్ర మీద మరొకరు ఏం చేయబోయినా పాచిక అవసరం లేదు, ఫలితం ఎదుటి ఆటగాడే చెబుతాడు. "నీ సంచిలో చేయి పెడుతున్నాను, ఏమవుతుంది?" అని అడగాలి. అవును అంటే అవును, కాదంటే కాదు.

యోధుడు పోయిన స్నేహితుడు ఆ రాత్రంతా వింటూనే ఉన్నాడు. అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నది అతనే. రెండు రోజుల తర్వాత నాకు ఫోను చేసి కొత్త పాత్ర రాసుకున్నానన్నాడు. చనిపోయిన యోధుడి చెల్లెలు, అన్న ఎలా పోయాడో తెలుసుకోవడానికి వస్తోందట. "దొంగ మీద అనుమానం పడుతుంది. తమ్ముడిని ముందే అడిగాను, సరేనన్నాడు. అక్కకూ చెప్పాను. నీకేమైనా అభ్యంతరమా?" అన్నాడు.

ఆ శనివారం చెల్లెలు సత్రంలో అడుగుపెట్టింది, దొంగ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా అన్న పడిపోయిన రోజు ఆ వజ్రం ఎక్కడ ఉంది?" అని అడిగింది. తమ్ముడు వెంటనే జవాబివ్వలేదు. అక్క పులిహోర డబ్బా పక్కకు జరిపి, మోచేతులు బల్ల మీద ఆనించి ముందుకు వంగింది.